సంపూర్ణ ఏకాంతం, సగం గ్లాసు కాఫీ

నా పేరు కొడితే ఒక విమానాల కంపెనీ కంప్యూటర్లో ఎర్ర గీత కనబడుతుందట. పేరు: సువర్చల. ఉద్యోగం: తణుకు మునిసిపల్ హైస్కూల్లో హిందీ టీచరు. నేరం: కట్టుకున్న మొగుడి తలుపు తట్టుట. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు కాబట్టి నేనెవరి మీదా దావా వెయ్యదలుచుకోలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, తప్పెవరిదో మీరే తేల్చండి.

దీనికంతటికీ మూలం జాకెట్టు లైనింగు గుడ్డ. వేసవి సెలవల ముందు ఓ బట్టల షాపులో అది కొన్నాను. కొన్నవాళ్లందరికీ ఒక కూపను ఇచ్చి, నింపి డబ్బాలో వెయ్యమన్నారు. కూపను మా ఆయన నింపారు. మా ఇంట్లో ఏ కాగితమైనా ఆయనే నింపాలి, అది ఆయన హక్కు. వారం తిరక్కుండా షాపువాళ్లు బాజాభజంత్రీలతో మా వీధిలోకి దిగారు. మొదటి బహుమతి మాకే. దంపతులిద్దరికీ న్యూజీలాండుకి ఫస్ట్ క్లాసు విమాన ప్రయాణం, పది రోజుల విడిది.

మా ఆయన పేరు కోదండపాణి. సబ్ రిజిస్ట్రారుగా చేసి పోయినేడాది రిటైరయ్యారు. ఎవరైనా దస్తావేజు తెస్తే చివరి అక్షరం దాకా చదివి, సాక్షి సంతకంలో ఇంటిపేరు పొట్టిగా ఉందని వెనక్కి తిప్పి పంపిన మనిషి. రూలంటే భయపడేవాళ్లని చూశాను గానీ, రూలుని ప్రేమించే మనిషిని ఈయన్నే చూశాను. మా వీధిలో ఎవరూ లేకపోయినా సైకిలు మలుపు తిప్పేటప్పుడు చెయ్యి చాపుతారు.

అంతటి మనిషికీ ఒక బలహీనత ఉంది. పరాయివాళ్ల ఫారాలు భూతద్దం పెట్టి చదువుతారు గానీ, సొంత ఫారం చదవరు. చెయ్యే నింపేస్తుంది. పీఎఫ్, బీమా, బ్యాంకు, గ్యాసు, ఎక్కడ ‘వ్యక్తి పేరు’ అని ఖాళీ గడి కనబడితే అక్కడ ‘సువర్చల’ అనీ, పక్క గడిలో ‘భార్య’ అనీ రాసేస్తారు. ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నామినీ గడులు నింపీ నింపీ పట్టుకున్న అలవాటు. ఆ మధ్య మునిసిపాలిటీ వాళ్లు ఇంటింటికీ ఓ ఫారం పంచితే అలాగే నింపి ఇచ్చారు. అది కుక్కల లెక్క. పెంపుడు జంతువు పేరు: సువర్చల. సంబంధం: భార్య. నెల తిరిగేసరికి నా పేరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఇంటికొచ్చింది. వంటింట్లో మేకుకి ఇప్పటికీ వేలాడుతోంది. ఆ రోజే నేను మేలుకోవాల్సింది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే నా గోల మీకర్థం కాదు. మా పెళ్లి ముహూర్తం పొద్దున్న పదీ నలభై రెండు. తాళి కట్టగానే పెళ్లికొడుకు నీరసంగా ఉన్నాడని మా మేనత్త పరుగెత్తుకెళ్లి స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చింది. ముందురోజు రాత్రి నుంచి మంచినీళ్లయినా ముట్టని పెళ్లికూతురు పక్కనే ఉందన్న సంగతి ఆ పందిట్లో ఒక్కరికీ తోచలేదు. తంతు పూర్తయ్యేదాకా పెళ్లికూతురు ఏమీ ముట్టకూడదని మా పెద్దవాళ్ల రూలు. ఆయన సగం తాగారు. అటూ ఇటూ చూశారు. గ్లాసు నా చేతిలో పెట్టి, “తొందరగా తాగెయ్యి, ఎవరూ చూడట్లేదు” అన్నారు. నేనెరిగి ఆయన రూలు మీరింది జీవితంలో అదొక్కసారే.

అప్పట్నుంచి ప్రతి పెళ్లిరోజుకీ, పదీ నలభై రెండుకి, అదే గ్లాసులో చెరి సగం. మా ఇద్దరి పేర్లూ చుక్కల అక్షరాలతో చెక్కించిన గ్లాసు అది. ఒక్క ఏడు కూడా తప్పలేదు. పోయినేడాది సరిగ్గా ఆ రోజుకి ఆయన రాజమండ్రి ఆస్పత్రిలో, గుండెకి స్టెంటు వేయించుకుని ఐసీయూలో ఉన్నారు. లోపలికి ఎవర్నీ రానివ్వమన్నారు. అక్కడి నర్సమ్మ నా చేతిలో గ్లాసు చూసి, గోడ గడియారం చూసి, “రెండు నిమిషాలేనమ్మా” అని తలుపు తీసింది. చెంచా కాఫీలో ముంచి ఆయన పెదాలకి అద్దాను. మిగిలింది ఏడుస్తూ నేను తాగాను. వచ్చే ఏడాది ఈ మనిషి ఉంటే చాలు దేవుడా అనుకున్నాను. ఉన్నారు. అందుకే ఈ ముప్పయ్యోసారి నాకు అంత పట్టింపు.

సరిగ్గా పెళ్లిరోజు పొద్దున్నే ఆరున్నరకి విమానం. హైదరాబాదులో ఎక్కితే పదహారు గంటలు ఆగకుండా పోతుందట. పదహారు గంటలు పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చని నేను మురిసిపోయాను. ఆయన ఆఫీసు, నా బడీ, మధ్యలో వంట, మేమిద్దరం అంతసేపు వరసగా ఒకచోట కూర్చున్న పాపాన పోలేదు. గ్లాసు కడిగి హ్యాండు బ్యాగులో పెట్టుకున్నాను.

కంపెనీ పేరు గగనసుఖ ఎయిర్‌వేస్. ఫస్ట్ క్లాసు వాళ్లకి విడిగా ఒక హాలుంది, అక్కడ సోఫాలో కూర్చోబెట్టి చెరో పద్నాలుగు పేజీల ఫారం ఇచ్చారు. పైన ‘సంపూర్ణ ఏకాంత హామీ పథకం’ అని ఉంది. నేను నా పేరు రాసి, మిగతా గడులన్నిటికీ అడ్డంగా గీత కొట్టి, అక్కడి జీడిపప్పు సంగతి చూస్తూ కూర్చున్నాను. మా ఆయన కలం తీశారు. ఏ గడీ వదల్లేదు.

ఫస్ట్ క్లాసంటే సీట్లు కావు, గదులు. మొత్తం నాలుగు. ఒక్కో గదికి జారుడు తలుపు, మంచం, టీవీ, అద్దం, చెప్పులు. ఒకటో గది ఆయనది, రెండోది నాది, మూడోది ఎవరో భీమవరం రాజుగారిది, నాలుగోది ఖాళీ. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా మా ఇద్దరి మధ్య దిండు కంటే పెద్ద అడ్డం ఎప్పుడూ లేదు. ఇక్కడ నిలువెత్తు గోడ. పోనీలే, విమానం లేచాక ఆయన గదిలోనే కూర్చుందాం అనుకున్నాను.

ఎనిమిదిన్నరకి ఆయన బీపీ మాత్ర చేత్తో పట్టుకుని బయటికొచ్చాను. ఒకటో గది ముందు పట్టుచీరలో ఓ అమ్మాయి నిలబడి ఉంది. నీహారిక అని బిళ్ల పెట్టుకుంది. ప్రయాణికులతో వాళ్ల మాతృభాషలోనే మాట్లాడాలని ఆ కంపెనీ కొత్తగా పెట్టిన నియమమట. ఆ తెలుగు ఎవరు నేర్పారో గానీ, మా స్కూలుకొచ్చే సర్క్యులర్లు రాసేవాళ్లే అయ్యుంటారు.

“నిలువవలెను. తమరు ప్రకటిత భంగకారకులు” అంది చేతులు జోడించి.

“ఏ కారకులమ్మా?”

“ఒకటవ గది అతిథి మహోదయులు, తమ ఏకాంతమునకు ఎవరి వలన భంగము కలుగకుండ కాపాడవలెనో ఆ వ్యక్తి నామధేయమును లిఖితపూర్వకముగ తెలియజేసియున్నారు.”

చేతిలో పలకలాంటి ఫోను నా ముందు పెట్టింది. పదకొండో పేజీ. గుండ్రటి రిజిస్ట్రారు దస్తూరీ. వ్యక్తి పేరు: సువర్చల. సంబంధం: భార్య.

ఒక్క క్షణం ఒళ్లు మండిపోయింది. ముప్పై ఏళ్లు చాకిరీ చేయించుకుని చివరికి ఆకాశంలో ఈ మాటా! మరుక్షణం వంటింట్లో ఇత్తడి బిళ్ల గుర్తొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“అది అలవాటమ్మా. ఆయన ఏ గడి చూసినా నా పేరే రాస్తారు. కావాలంటే వెళ్లి ఆయన్నే అడుగు.”

“అడుగుట కూడ భంగమే అగునండి.”

“మరి ఆయనకి నేను కావాలో అక్కర్లేదో తెలిసేదెలా?”

“భంగము కలిగింపకుండ తెలిసికొను విధానము ఇంకను రూపొందింపబడలేదండి.”

“పోనీ ఈ మాత్రయినా ఇవ్వు.”

దానికి ఓ వెండి పళ్లెం తెచ్చి, మాత్ర అందులో పెట్టి తీసుకెళ్లింది. రెండు నిమిషాల్లో పళ్లెం తిరిగొచ్చింది, మాత్ర అలాగే ఉంది. పంపిందెవరో చెప్పకూడదు, చెబితే భంగం. ఎవరు పంపారో తెలియని మాత్ర మా ఆయన మింగరు. మింగితే ఆయన కోదండపాణి ఎందుకవుతారు? నేను చేతిరుమాలు తీసి, మాత్ర ఓ మూల పెట్టి ముడేసి పంపాను. ఊరెళ్లినప్పుడల్లా ఆయన మాత్రలు అలాగే ముడేసిస్తాను. ఈసారి ఖాళీ రుమాలు వచ్చింది. చక్కగా నాలుగు మడతలు పెట్టి ఉంది.

దాంతో ఆయనకి సంగతి అర్థమైనట్టుంది. ఒకటో గదిలో గంట మోగింది, ఆగకుండా మోగింది. ముందు వైపు తెర తీసుకుని నల్లకోటు మనిషి వచ్చాడు. ప్రవర్ధన్, ముఖ్య ఏకాంతాధికారి. మా ఆయన తలుపు జానెడు తెరిపించి అతను మాట్లాడుతుంటే, నేను నా గుమ్మంలో నిలబడి చెవులు అటు పడేశాను.

“నా భార్యని ఇలా పంపించండి” అన్నారు మా ఆయన.

“మహోదయా, పదకొండవ పేజీలో తామే వారి నామధేయమును లిఖించియున్నారు. ఇప్పటి తమ కోరిక గగనతలమున ఉద్భవించినది. ముప్పది అయిదు వేల అడుగుల ఎత్తున కలుగు కోరికలు విశ్వసనీయములు కావు. కావున పండ్రెండు గంటల పునరాలోచన వ్యవధి విధింపబడినది. తమ నుండి తమను కాపాడుట కూడ మా హామీలో అంతర్భాగము.”

“అయితే ఆ పదకొండో పేజీకి సవరణ రాస్తాను. పొరపాటున పడిన పేరు తీసేస్తూ సవరణ దస్తావేజు. దానికి వీలుందా లేదా?”

“నిస్సందేహముగ ఉన్నది. ఇరుపక్షముల వారును ఏకకాలమున, ఏకస్థలమున, ఒకరి సమక్షమున మరొకరు సంతకము చేయవలెను.”

“నా పేరూ తన పేరూ కదా. సరే, ఆవిడ్ని పిలవండి.”

“సవరణ పూర్తియగువరకు వారు తమ సమక్షమునకు రాజాలరు.”

ఇప్పుడు మా ఆయన లేచి కేకలేస్తారు, నేనూ వెళ్లి జతకలుపుతాను అనుకుంటున్నాను. ఆయన గొంతు వినబడింది.

“రూలు పకడ్బందీగా రాశారండీ. నేనైనా ఇదే అనేవాణ్ణి.”

తలుపు మూసుకుంది. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఈ మనిషి ఎంతమందిని ఎన్నిసార్లు ఇదే మాట చెప్పి వెనక్కి పంపారో! వాళ్లందరి ఉసురూ ఈ పూట నాకు తగిలింది.

గడియారం చూసుకున్నాను. తొమ్మిదీ యాభై.

నేను ప్రవర్ధన్‌ని ఆపి పెళ్లిరోజు సంగతీ, గ్లాసు సంగతీ, ఐసీయూ సంగతీ చెప్పుకొచ్చాను. అంతా శ్రద్ధగా విని, గ్లాసు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఐసీయూలో లోపలికి రానిచ్చారు బాబూ. ఇక్కడ రానివ్వరా?”

“అమ్మా, ఆస్పత్రి యందు ఏకాంత హామీ లేదు. ఒక పాత్రను ఇరువురు అతిథులు పంచుకొనుట కూడ మా ప్రమాణములకు విరుద్ధము. అయినను తమ వార్షికోత్సవమును మేము విస్మరించలేదు. వ్యక్తిగత వివాహ వార్షికోత్సవ వేడుక సిద్ధముగ నున్నది.”

“పెళ్లిరోజు వ్యక్తిగతంగా ఎలా చేసుకుంటారయ్యా?”

ఎలాగో చూపించారు. నీహారిక ఓ చిన్న కేకు తెచ్చి నా ముందు పెట్టింది. దానిమీద ‘పెళ్లిరోజు శుభాకాంక్షలు, సువర్చల గారికి మాత్రమే’ అని క్రీముతో రాసి ఉంది. నా ఒక్కదానికే చప్పట్లు కొట్టింది. నా ఒక్కదానికే పాట పాడింది. తర్వాత గోడ అవతలికెళ్లి, గొంతు తగ్గించి, ఆయనొక్కరికే అదే పాట పాడింది. ఆయన ఒక్కరే “థాంక్సమ్మా” అనడం వినబడింది. ఆ గొంతు విన్నాక కేకు నా నోట్లోకి పోలేదు.

పదీ పది. నేను ప్రవర్ధన్‌ని మళ్లీ పిలిచాను. పిల్లలు కాపీ కొడుతుంటే ఎలా అడుగుతానో అంత మెత్తగా అడిగాను.

“వెనకాల మామూలు క్లాసులో కూడా ఈ హామీ ఉందా నాయనా?”

“సాధారణ శ్రేణి యందా?” మొహం చిట్లించాడు. “అచట ఏకాంతమను పదార్థమే లేదు. మోచేతులు తగులును. అపరిచితుల భుజములపై తలలు వాలును. ఎవరు ఎవరినైనను పలుకరింతురు.”

“అయ్యో పాపం. మరి ఇక్కడ రూలు మీరినవాళ్లని ఏం చేస్తారు?”

“నిబంధన నలభై ఏడు ప్రకారము, భంగకారకులను తక్షణమే సాధారణ శ్రేణికి అవరోహింపజేయుదుము. ఇంతవరకు ఆ కఠిన చర్య ఎవరిపైనను తీసుకొనవలసిన అగత్యము కలుగలేదు.”

“ఇంకో గంటలో కలుగుతుందిలే” అని మనసులో అనుకున్నాను. అసలు గంట కూడా ఎందుకు? బ్యాగు భుజాన తగిలించుకున్నాను, గ్లాసు చేత్తో పట్టుకున్నాను. నీహారిక అటు తిరిగిన క్షణాన వెళ్లి ఒకటో గది తలుపు దబదబా బాదాను. ఎనిమిదో తరగతి బి సెక్షన్ తలుపు ఎలా బాదుతానో అలా బాదాను.

“ఏవండీ! నేను వెనక్కి పోతున్నాను! పదీ నలభై రెండు!”

అంతే అనగలిగాను. ఇద్దరూ చెరోవైపు పట్టుకున్నారు. నిబంధన నలభై ఏడు నిలబెట్టి చదివి, పొడవాటి దారి వెంట తీసుకెళ్లి, చిట్టచివర బాత్రూముల ముందు నలభై ఒకటో వరసలో కూర్చోబెట్టారు. ఆ వరసంతా ఖాళీ. ఇటు ఎవరిదో పసిబిడ్డ ఏడుస్తోంది, అటు ఎవరో డబ్బా మూత తీశారు, పులిహోర వాసన గుప్పుమంది. ప్రాణం లేచొచ్చింది.

కానీ కూర్చున్నాక దిగులు పట్టుకుంది. నేనైతే వచ్చాను, ఆయన రావాలంటే రూలు మీరాలి. ఆయనా? వీధిలో ఎవరూ లేకపోయినా చెయ్యి చాపే మనిషా? పైగా నేను తట్టగానే నేరమైందంటే పదకొండో పేజీలో నా పేరుండబట్టి. నా ఫారంలో నేను అన్నిటికీ గీత కొట్టాను, ఆయన నా గదికొచ్చినా నేరం కాదు, పైగా ఆ గదిలో నేనిప్పుడు లేను. పదీ ఇరవై అయింది. పదీ ముప్పై అయింది. గ్లాసు ఒళ్లో పెట్టుకుని దాని మీద పేర్లు వేలితో తడుముతూ కూర్చున్నాను. ఐసీయూలో కూడా ఇంత భయం వెయ్యలేదు, అక్కడ ఆయనకీ నాకూ మధ్య ఒక తలుపే ఉంది. ఇక్కడ ఆయన స్వభావమే అడ్డం ఉంది.

ఆలోగా అక్కడ ఏం జరిగిందో తర్వాత ఆయనే చెప్పారు. ముందు నిబంధన నలభై ఏడు కాగితం తెప్పించుకుని, చివరి అక్షరం దాకా చదివారట. ఫారంలో పేరు లేకపోయినా, భంగమైన అతిథి కంప్లయింటిస్తే చాలునని చివర్లో ఉందట. అలవాటు మరి. చదివి, లేచి, జుట్టు సవరించుకుని, జీవితంలో రెండో నేరం చెయ్యడానికి వెళ్లి మూడో గది తలుపు తట్టారు.

తలుపు తీసినాయన భీమవరం నరసరాజుగారు, రొయ్యల చెరువుల ఆసామీ.

“నేను మీ ఏకాంతానికి భంగం కలిగించాను. దయచేసి నా మీద కంప్లయింటు ఇవ్వండి” అన్నారు మా ఆయన.

“ఆయ్, రండి రండి! కంప్లయింటేంటండి బాబూ! నాలుగు గంటలైందండి మనిషి మొహం చూసి. ఏ ఊరండి మీది? తణుకా? తణుకులో మా వియ్యంకుడి తోడల్లుడున్నాడండి!” అని రాజుగారు చెయ్యి పట్టుకుని లోపలికి లాగి కూర్చోబెట్టేశారట.

మా ఆయన నెత్తీనోరూ కొట్టుకున్నారు. కంప్లయింటు లేకపోతే అది నేరం కాదు, నేరం కాకపోతే ఆయన వెనక్కి రాలేరు. రాజుగారేమో తనని పలకరించిన మనిషి మీద కాగితం పెడితే కళ్లు పోతాయంటారు. చివరికి మా ఆయన పెళ్లిపందిరి నుంచి ఐసీయూ దాకా మొత్తం చెప్పారట. రాజుగారు తువ్వాలుతో కళ్లొత్తుకుని గంట నొక్కారు.

“ఓ అమ్మాయ్! ఈయన నన్ను భంగం చేసేశారు. ఎంత భంగమంటే, తట్టుకోలేకపోతున్నాను. తొందరగా తీసుకుపో, ఆలస్యమైతే ఊరుకోను.”

పదీ నలభైకి తెర తొలగింది. దారి చివర ప్రవర్ధన్, అతని వెనక మా ఆయన. కంపెనీ వాళ్లిచ్చిన లేత నీలం పైజమా లాల్చీలో, తోలు చెప్పులు చేత్తో పట్టుకుని, దొంగతనం చేసి దొరికిన కుర్రాడి మొహంతో వస్తున్నారు. నా పక్కన కూలబడ్డారు.

“నేరం చేసేశానోయ్” అన్నారు గుసగుసగా.

“బాగుంది, ఇప్పటికైనా. కాఫీ తెప్పించండి ముందు.”

బండి తోసుకుంటూ ఆ క్లాసు అమ్మాయి వచ్చింది. ఈ పిల్లకి ఎవరూ గ్రాంథికం నేర్పలేదు, బతికిపోయాం.

“ఒక కాఫీ ఇవ్వమ్మా, ఇందులో పొయ్యి” అని గ్లాసు చాపాను.

“ఇద్దరున్నారుగా మేడం, రెండు తీసుకోండి. ఎన్నైనా ఇస్తాం.”

“ఒకటే కావాలి తల్లీ.”

పదీ నలభై రెండు. ఆయన సగం తాగారు. అటూ ఇటూ చూశారు. గ్లాసు నా చేతిలో పెట్టి, “తొందరగా తాగెయ్యి, ఎవరూ చూడట్లేదు” అన్నారు. కాఫీ నీళ్లలా ఉంది, పంచదార లేదు. అంత మంచి కాఫీ నేను ముప్పై ఏళ్లలో తాగలేదు. కళ్లల్లో నీళ్లు జలజలా రాలిపోయాయి. ఆయన రుమాలు అందించారు, పొద్దున్న నాలుగు మడతలు పెట్టి పంపిన రుమాలు నా బ్యాగులోంచే తీసి.

“అసలు ఆ గడిలో నా పేరెందుకు రాశారండీ?” అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

“ఎప్పుడు రాశానో!” అన్నారు. ఆయనకి నిజంగానే గుర్తులేదు. “ఎవరిదైనా పేరు రాయమంటే మరి ఎవరి పేరు రాస్తానోయ్?”

గ్లాసు తుడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

పావుగంటకి తెర మళ్లీ తొలగింది. ఈసారి నరసరాజుగారు, చంకలో దిండు, చేతిలో కాజాల డబ్బా. ఆయన నేరం మాకంటే పెద్దది. ఒంటరిగా ఉండలేక, విశ్రాంతి గదిలో నడుం వాల్చిన ప్రవర్ధన్ తలుపే తట్టారట. ముఖ్య ఏకాంతాధికారి ఏకాంతానికే భంగం! కిటికీ పక్కన కూర్చుని డబ్బా మూత తీస్తూ, “ఆయ్, ఇదండీ విమానమంటే” అన్నారు.

కాసేపటికి మైకులో ప్రవర్ధన్ గొంతు వినబడింది. ఉత్సాహంతో వణికిపోతోంది.

“ప్రయాణిక మహాశయులకు శుభవార్త. మా సంస్థ చరిత్రలో ప్రప్రథమముగ, ఈ క్షణమున ప్రథమ శ్రేణి యందు ఏకాంతము నూటికి నూరు శాతము నెలకొన్నది. నాలుగు గదులలో ఏ ఒక్క అతిథికిని ఏ ఒక్కరి వలనను భంగము లేదు. ఈ ఘనతకు సహకరించిన ఎల్లరకు ధన్యవాదములు.”

నలభయ్యో వరస దాకా అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మిగిలిన పన్నెండు గంటలూ మేం ముగ్గురం కాజాలు తింటూ, రాజుగారి వియ్యంకుడి తోడల్లుడి దగ్గర్నుంచి మా మేనత్త దాకా అందర్నీ తిరగేశాం. మధ్యలో మా ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు. ఆయన గురక పెట్టినంతసేపూ నేను కదల్లేదు.

దిగేముందు నీహారిక ఒక్కో కాగితం తెచ్చిచ్చింది. మొహం పాలిపోయి ఉంది పాపం. చుట్టూ చూసుకుని మామూలు తెలుగులో, “మేడం, తిరుగు ప్రయాణానిది. ఇందులో ఎవరి పేరు రాస్తే వాళ్లని వెళ్లేటప్పుడు వెనకాల కూర్చోబెడతారు. జాగ్రత్తగా చూసి రాయండి, మళ్లీ గొడవవుతుంది” అని మెల్లగా చెప్పింది.

చూశాను. ‘ఈ ప్రయాణమున తమ ఏకాంతమునకు భంగము కలిగించిన వ్యక్తి పేరు’ అని ఉంది. పక్కకి తిరిగేసరికి మా ఆయన కాగితం అప్పటికే నిండిపోయింది. గుండ్రటి దస్తూరీ. సువర్చల. భార్య.

ఇంకొకళ్లయితే లాక్కుని చించేసేవాళ్లు. నేను ఆయన జేబులోంచి కలం తీసుకున్నాను. గీతలు కొట్టలేదు, ఈసారి ఏ గడీ వదల్లేదు.

భంగము కలిగించిన వ్యక్తి పేరు: కోదండపాణి.

సంబంధం: భర్త.

ఎంత కాలముగ: ముప్పై సంవత్సరములు.